బస్సెక్కిన పుంజు

జైతూని గీసిన సంతలో అందరూ ఉన్నారు. అన్నీ ఉన్నాయి. అయినా అది సంతలా లేదు. ఎందుకు లేదో ఆ అమ్మాయికి అంతుపట్టలేదు.

ఉసంబారా కొండల మీద క్వెంబాగా అనే ఊళ్ళో వారానికోసారి సంత జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ రోజు అక్కడికే దిగుతాయి. క్యాబేజీలు, చెరుకు గడలు, ఎండు చేపలు, మట్టి కుండలు, పాత బట్టల గుట్టలు, మేకలు. ఇసకేస్తే రాలనంత జనం. ఆ గోల కింద లోయలో కూలిపని చేసుకునేవాళ్ళకి కూడా వినిపిస్తుంది.

సంతకి కాస్త ఎగువన, కొండ మలుపులో, షెమ్వేటా ఇల్లు. ఆయన చిత్రకారుడు. ముసలాయన. తెల్ల టోపీ, మడమల దాకా పొడుగు చొక్కా. వయసులో ఉన్నప్పుడు బస్సుల మీదా టీకొట్ల గోడల మీదా బొమ్మలు వేసి పొట్ట పోసుకున్నాడు. తర్వాత్తర్వాత ఆయన సంత బొమ్మలు రేవు దాటి, ఓడలెక్కి దేశాలు తిరిగాయి. ఆయన మాత్రం కొండ దిగలేదు. ఊళ్ళో చిన్నా పెద్దా ఆయన్ని "మ్వాలిమూ" అని పిలుస్తారు. గురువుగారూ అని.

జైతూని ఆయన శిష్యురాలు. టాంగా రేవులో పుట్టి పెరిగింది, పట్నం బడిలో బొమ్మలు నేర్చింది. చెయ్యి మహా నిక్కచ్చి. గుండ్రం గీస్తే గుండ్రమే, గీత గీస్తే గీతే. ఒకసారి ఏదో హోటల్లో షెమ్వేటా వేసిన సంత బొమ్మ చూసింది. అందులో మనుషుల ముక్కులు వంకర. చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయి. మేకైతే గాడిదంత ఉంది. అయినా దాని ముందు నిలబడితే జైతూనికి నిజంగానే గోల వినిపించింది. టీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడిపోయింది. వారం తిరక్కుండా సంచి సర్దుకుని కొండెక్కేసింది.

చేర్చుకుంటారా అని అడిగితే ఆయన ఆమె చేతులు తిప్పి చూసి, "కుంచెలు కడగడం వచ్చా?" అన్నాడు. వచ్చంది. అంతే, అలా మొదలైంది చదువు.

అయితే ఆమెకో చిక్కుంది. జనమంటే బెరుకు. చిన్నప్పుడు బజారుకెళ్తే తల్లి చెంగు వదిలేది కాదు. బేరమాడ్డం రాదు. ఎవరైనా గట్టిగా పలకరిస్తే మాట గొంతులోనే ఆగిపోయేది. అందుకని సంత రోజున కిందికి దిగేది కాదు. మ్వాలిము ఇంటి పక్కనున్న పెద్ద బండ ఎక్కి కూర్చునేది. అక్కణ్ణించి చూస్తే సంతంతా అరచేతిలో పెట్టినట్టు కనబడుతుంది. ఎవరూ అడ్డు రారు, ఎవరూ మాట్లాడించరు.

అలా ఒక వానాకాలమంతా ఆ బండ మీద కూర్చుని చూసి, గోడంత ప్లైవుడ్ పలక మీద సంత గీసింది. సైకిళ్ళకి వేసే ఎనామిల్ రంగులతోనే గీసింది, గురువు గీసినట్టు. కానీ గురువుకన్నా నీటుగా. ఒక్క గంప తప్పిపోలేదు. ఒక్క గొడుగు వంకరపోలేదు. ఎండు చేపల పొలుసులు కూడా కనబడేట్టు వేసింది.

ఆ బొమ్మకి మంచి యోగమే పట్టింది. టాంగాలో కొత్తగా కట్టిన ఒక పెద్ద హాల్లో కొండ ప్రాంతపు బొమ్మలు పెడుతున్నారు. ముందు షెమ్వేటానే అడిగారు. ఆయన, "నావి చూసి చూసి మీ కళ్ళు అరిగిపోయుంటాయి. మా అమ్మాయిది పెట్టండి," అని కబురు పంపాడు. సరేనన్నారు వాళ్ళు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా కనబడే గోడ ఆమెకి ఇచ్చారు. సంత అయిన రెండోనాడు లారీ వచ్చి బొమ్మ తీసుకెళ్తుంది. ఆ హాలు జైతూని తల్లి ఉండే వీధికి దగ్గరే. తల్లి, మేనత్తలు, బళ్ళో పాఠాలు చెప్పిన పంతుళ్ళు, అందరూ వస్తారు.

బొమ్మ పూర్తయిందని తెలిసి ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చారు.

"అదిగో నా గంప," అన్నాడు ఒకాయన.

"నా గొడుగు కూడా ఉంది," అంది ఇంకొకావిడ.

"చక్కగా ఉంది. చాలా చక్కగా ఉంది," అన్నారు అందరూ. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియనట్టు కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

కుండలమ్మే సౌదా కూడా వచ్చింది. ఆవిడ నోరు మూతపడడం ఊళ్ళో ఎవరూ చూసినవాళ్ళు లేరు. అలాంటి మనిషి ఆ బొమ్మ ముందు చేతులు కట్టుకుని, మసీదులో నిలబడ్డట్టు నిలబడింది. గొంతు తగ్గించి, "దేవుడు నీ చేతిని చల్లగా చూడాలమ్మా," అని మెల్లగా బయటికి నడిచింది.

జైతూని ఆవిడ వెనకే గుమ్మం దాకా వచ్చింది. సంత చూసి ఎవరైనా గొంతు తగ్గిస్తారా?

మర్నాడు పొద్దున్నే గురువు దగ్గరికెళ్ళింది. ఆయన గుమ్మం ముందు కూర్చుని చెరుకు ముక్క నములుతున్నాడు.

"మ్వాలిమూ, నా బొమ్మలో ఏం తక్కువైంది?"

"తక్కువేం లేదు. అందరూ ఉన్నారు."

"మరి?"

ఆయన పిప్పి ఉమ్మేసి, ఇంకో ముక్క కొరికాడు.

"రంగులా? నీడలా? మనుషుల్ని ఇంకా వేయాలా? చెప్పండి, లారీ వచ్చేలోపల సరిదిద్దుతాను."

"రేపు సంత కదా," అన్నాడు షెమ్వేటా. "నాతో రా."

జైతూనికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళలో ఆయన తనంతట తాను ఎక్కడికైనా రమ్మనడం ఇదే మొదలు. ఏదో మర్మం చూపిస్తాడు, ఇన్నేళ్ళు దాచుకున్న కిటుకేదో విప్పుతాడు అనుకుంది. కాగితాలు కత్తిరించి పెట్టుకుంది. పెన్సిళ్ళు చెక్కుకుంది.

మర్నాడు బయల్దేరేటప్పుడు ఆయన ఆ కాగితాల కట్ట చూశాడు.

"అవెందుకు?"

"మీరు చూపించింది గీసుకోవాలి కదా."

"ఇంట్లో పెట్టు. చేతులు ఖాళీగా ఉండాలి," అన్నాడు.

సంతలోకి అడుగుపెట్టగానే జైతూనికి ఊపిరాడలేదు. వేయించిన మొక్కజొన్న వాసన, మేకల వాసన, తడి మట్టి వాసన అన్నీ కలిసి మొహాన కొట్టాయి. ఎవరో మోచేత్తో తోసుకుంటూ పోయారు. ఎవరో చెవి పక్కనే, "టమాటాలో!" అని కేకేశారు. ఆమె గురువు వెనక, ఆయన చొక్కా అంచు పట్టుకోవాలన్నంత దగ్గరగా నడిచింది.

షెమ్వేటా జనంలోంచి చేప ఈదినట్టు ఈదుకుంటూ పోయి, సంతకి నట్టనడుమ ఆగాడు. "ఇక్కడే ఉండు," అని ఒక పక్కకి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పటికి ఆయన చంకలో ఎర్రటి పుంజు ఒకటి ఉంది. నల్లతోక, నెత్తిన మందారప్పువ్వులాంటి జుట్టు. కళ్ళల్లో నిప్పులే.

"ఇది పట్టుకో," అన్నాడు.

జైతూని రెండు చేతులా పట్టుకుంది. "ఎందుకు మ్వాలిమూ?"

"కాఫీ తాగొస్తాను."

అని వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

ఆమె పుంజుని గుండెలకి హత్తుకుని, రోడ్డు మధ్యలో పాతిన గుంజలా నిలబడింది. ఇప్పుడే వచ్చేస్తాడులే అనుకుంది. కాస్సేపటికి వస్తాడులే అనుకుంది. ఆయన జాడ లేదు.

ఈలోగా పచ్చ పూల చీరగుడ్డ చుట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ వచ్చి, అడగకుండానే పుంజు రొమ్ము పిసికి చూసింది. రెక్క ఎత్తి చూసింది. ముక్కు తెరిచి లోపలికి తొంగి చూసింది.

"ఏమిస్తే ఇస్తావ్?"

"ఇది... ఇది అమ్మేది కాదండీ," అంది జైతూని. తన గొంతు తనకే వినబడలేదు.

"ఏంటీ?"

"అమ్మేది కాదు!"

ఆవిడ నడుం మీద చేయి వేసుకుంది. "అమ్మేది కాకపోతే సంతకెందుకు తెచ్చావమ్మాయ్? ఊరు చూపించడానికా?"

పక్కనున్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు విని ఇంకో ఇద్దరు ఆగారు. వాళ్ళు ఆగడం చూసి మరో నలుగురు. గడ్డం నెరిసిన ఒకాయన కర్రతో పుంజు కాళ్ళు తడుతూ, "ముసలిది. ఉడకాలంటే అడివి మొత్తం నరకాలి," అన్నాడు. ఇంకొకడు, "గంపెడు చిలగడదుంపలిస్తాను, ఇచ్చెయ్," అన్నాడు. "వాడి దుంపలన్నీ పుచ్చులే, నమ్మకు," అంది లావుపాటావిడ.

జైతూనికి చెమటలు పట్టాయి. పారిపోదామంటే దారి లేదు. పుంజుని కింద పెడదామంటే గురువు పట్టుకోమన్నాడు. అటూ ఇటూ చూసింది. చుట్టూ మొహాలే. ఒక్కో మొహం ఆమె జవాబు కోసం చూస్తోంది.

"ముసలిదంటున్నాడు, వింటున్నావా?" అంది లావుపాటావిడ, ఆమె పక్షాన్నే ఉన్నట్టు మోచేత్తో పొడుస్తూ. "ఊరుకుంటావేంటి?"

అప్పుడేం పట్టిందో గానీ జైతూని నోరు తెరుచుకుంది.

"ముసలిదా? తాతా, ఇది కూసిందంటే అవతలి కొండ మీదవాళ్ళు కూడా లేచి పళ్ళు తోముకుంటారు!"

జనం ఈలలేశారు. ముసలాయన బోసినోరు తెరిచి అందరికన్నా గట్టిగా నవ్వాడు. "అయితే కూయమను!"

"ఊరికే కూస్తుందా? దీనికి మర్యాద కావాలి. ముందు మీరు టోపీ తీయండి!"

ముసలాయన నిజంగానే టోపీ తీసి పుంజుకి సలాం పెట్టాడు. జైతూని నవ్వింది. తన నవ్వు అంత పెద్దదని ఆమెకే తెలియదు. మాట వెనక మాట దొర్లుకొచ్చేస్తోంది. దీని తాతకి రాజు ఆస్థానంలో కొలువుండేదంది. దీని తల్లి చిరుతపులి కన్ను పొడిచిందంది. ప్రతి అబద్ధానికీ జనం, "ఆహా!" అంటున్నారు. "ఇంకా?" అంటున్నారు. చెవులు వేడెక్కాయి. కాళ్ళ కింద నేల తేలిపోతున్నట్టుంది.

ఆ ఊపులో చేయి ఎత్తి చూపించబోయింది. పట్టు సడలింది.

పుంజు కుయ్యోమని అరిచి, ఆమె మణికట్టు గీరి, ముసలాయన బోడిగుండు మీద ఒక కాలు పెట్టి అవతలికి దూకేసింది.

"పట్టుకోండి!" అని జైతూని పెట్టిన కేక సంత ఆ కొసదాకా వినబడింది.

ఇక చూడాలి!

పుంజు ముందు, జైతూని వెనక, ఆమె వెనక సగం సంత. పుంజు పాత బట్టల గుట్టలోకి దూరింది. జైతూనీ దూరింది. తల మీద ఎవరిదో పాత చొక్కా, మెడలో ఒక మేజోడుతో అటునుంచి బయటపడింది. పుంజు దర్జీ మిషను కిందికి పోయింది. దర్జీ రెండు కాళ్ళూ గాల్లోకెత్తి, "నా జాకెట్టు! పెళ్ళికూతురి జాకెట్టు!" అని గగ్గోలు పెట్టాడు. ఆమె ఆ మిషను కింద నుంచి పాక్కుంటూ పోయింది. అక్కణ్ణించి చూస్తే సంతంతా కాళ్ళే. పగిలిన మడమలు, టైరు చెప్పులు, గజ్జెల పాదాలు, ఒకరి పాదం మీద ఇంకొకరి పాదం. ఆ కాళ్ళ సందుల్లో ఎర్ర మెరుపులా పుంజు.

"ఇటు పోయింది!"

"కాదు, అటు!"

"చేపల వైపు! చేపల వైపు!"

ప్రతివాడూ ఒక దిక్కు చూపిస్తున్నాడు. ఆమె అన్ని దిక్కులకీ పరిగెత్తింది. టమాటాల మీద కాలు జారి చతికిలబడింది. ఎవరిదో గరుకు చెయ్యి రెక్క పట్టి లేపి, "లే తల్లీ, పరిగెత్తు!" అని వీపు మీద చరిచింది. ఎవరని చూసే తీరిక లేదు. మేకల తాళ్ళు దాటింది. చెరుకు కట్టల మీంచి దూకింది. కుండల వరసల మధ్యకి వచ్చేసరికి మాత్రం ఊపిరి బిగబట్టి, మునివేళ్ళ మీద నడిచింది. వెనకనున్న జనం కూడా మునివేళ్ళ మీద నడిచారు. కుండల సౌదా పీట మీదెక్కి నిలబడి, "దాన్ని వదలకే! ఏం చేసినా సరే దాన్ని వదలకే!" అని రంకెలేస్తోంది.

పుంజు చివరికి బస్సుల దగ్గరికి చేరింది. బయల్దేరడానికి గుర్రుమంటున్న ఒక బస్సు బానెట్టు మీదికి ఎగిరింది. అక్కణ్ణించి టాపు మీదికి. మూటల మధ్య నిలబడి, రెక్కలు టపటపలాడించి, మెడ సాచి, లోకమంతా వినేట్టు కూసింది.

"కూసిందిరోయ్!" అన్నాడు ఆ బోసినోటి ముసలాయన, జనంలో ఎక్కణ్ణించో.

కండక్టరు తలుపు మీద చరిచి, "పోనీ, పోనీ!" అన్నాడు. బస్సు కదిలింది. అంతే, సంత సంతంతా బస్సుకి అడ్డం పడింది. లావుపాటావిడ రెండు చేతులూ చాచి బస్సు ముందు నిలబడి, "ముందు నా మీంచి పోనియ్యి!" అంది. డ్రైవరు హారన్ మోగించాడు. జనం వాడికన్నా గట్టిగా మోగారు.

జైతూని ఆలోచించలేదు. కట్టుగుడ్డ ఎగదోపుకుని బస్సు వెనకనున్న నిచ్చెన పట్టుకుని పైకెక్కింది. మూటల మీద బోర్లా పడుకుని, మెల్లగా జరిగి, భుజం మీది గుడ్డ తీసి వల విసిరినట్టు విసిరింది. పడింది. గుడ్డలో పుంజు గింజుకుంటుంటే రెండు చేతులతో చుట్టేసి, లేచి నిలబడింది.

కింద సంత.

వారం వారం బండ మీంచి చూసే సంతే. ఇదీ ఎత్తు మీంచే. అవే గొడుగులు, అవే గంపలు. కానీ ఇవాళ గొడుగుల కింద నుంచి, గంపల వెనక నుంచి, మిషన్ల పక్కనుంచి, చేపల బుట్టల మీదుగా మొహాలన్నీ పైకి తిరిగున్నాయి. అందరి నోళ్ళూ తెరుచుకునున్నాయి. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఒకరు చప్పట్లు కొడుతున్నారు, ఒకరు తిడుతున్నారు, ఒకరు గంప ఎత్తి ఊపుతున్నారు, ఒకావిడ నవ్వలేక కూలబడిపోయి పక్కావిడ భుజం కొరుకుతోంది.

జైతూని పుంజుని నెత్తి మీదికెత్తి చూపించింది. సంత హోరెత్తిపోయింది.

ఆమె పుంజుని చంకలో బిగించుకుని నిచ్చెన దిగింది.

కాఫీ కొట్టు బల్ల మీద షెమ్వేటా ఇంకా కూర్చునే ఉన్నాడు. చిన్న కప్పులోంచి చిన్న గుక్క తాగుతున్నాడు. జైతూని మొహాన బురద, మోకాలి మీద టమాటా, మణికట్టు మీద రక్తపు గీత, మెడలో ఇంకా ఆ మేజోడు.

"మ్వాలిమూ, ఇదిగోండి మీ పుంజు."

"నాదా?" అన్నాడాయన. "నాదెక్కడిది? కుండల సౌదాది. కాసేపు ఇమ్మంటే ఇచ్చింది. ఇచ్చిరా."

ఆయన కాఫీ కప్పులోకి చూసుకుంటూ అడిగాడు.

"ఇవాళ సంతలో గొడుగులెన్ని ఉన్నాయి?"

"ఏమో మ్వాలిమూ. నేను చూడలేదు."

"ఊఁ," అన్నాడాయన. ఇంకో కప్పు పోయమని కొట్టువాడికి సైగ చేశాడు.

ఆమె సౌదాకి పుంజునిచ్చింది. సౌదా తిట్టిన తిట్లు విని, పెట్టిన దీవెన విని, కొండదారి పట్టింది. ముందు నడిచింది. తర్వాత గబగబా నడిచింది. మలుపు తిరిగాక పరిగెత్తింది.

ఇంటికొచ్చి, గసపోసుకుంటూ బొమ్మ ముందు నిలబడింది. వానాకాలమంతా పడ్డ కష్టం. ఎక్కడా మచ్చలేని పని. గొడుగుల పైభాగాలు, తలపాగాల పైభాగాలు, వంగిన వీపులు. అందులో ఒక్కడైనా తల ఎత్తలేదు.

ఊళ్ళో అంత పెద్ద పలక ఇంకోటి లేదు. లారీ ఎల్లుండే.

షెమ్వేటా నిదానంగా కొండెక్కి వచ్చేసరికి ఆమె ఎర్రమట్టి రంగు డబ్బా మూత తీసి, వెడల్పాటి కుంచె చేత్తో పట్టుకుని, కదలకుండా నిలబడి ఉంది.

"మ్వాలిమూ, ఇది చెరిపేశాక, కొత్తది లారీ వచ్చేలోపల పూర్తి కాకపోతే?"

"లారీ ఖాళీగా పోతుంది," అన్నాడాయన. "బరువు తగ్గితే అదీ సంతోషిస్తుంది."

"ఆ గోడ ఇంకెవరికైనా ఇచ్చేస్తారు. మా అమ్మ..."

ఆయన గుమ్మంలో కూర్చుని కాళ్ళకంటిన బురద గీక్కోసాగాడు. ఉంచమనలేదు, చెరపమనలేదు.

జైతూని కుంచె ముంచింది. కళ్ళు మూసుకోకుండానే, ఒక కొసనుంచి ఇంకో కొసకి, ఎర్రమట్టి రంగు లాగేసింది. మొదటి గీతకి గుండె కలుక్కుమంది. రెండో గీతకి అంత అనిపించలేదు. సగం పలక ఎర్రబడేసరికి చేయి పరుగందుకుంది.

ఆ సాయంత్రం వెలుగున్నంతసేపూ, మర్నాడు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా గీస్తూనే ఉంది. కొలతలు పెట్టుకోలేదు. గీసే ముందు వెనక్కి జరిగి చూసుకోలేదు. పలకకి ముక్కు తగిలేటంత దగ్గరగా నిలబడింది. ఒకచోట కాళ్ళు మాత్రమే వచ్చాయి. ఒకచోట తెరుచుకున్న నోరొకటి మొహమంత పెద్దదయింది. చెయ్యి ఒకటి ఎవరిదో తెలియకుండా పక్కనుంచి చొచ్చుకొచ్చింది. దర్జీ కాళ్ళు గాల్లోకెగిరాయి. మేక గాడిదంత కాలేదు గానీ దాదాపు అయింది. ఎడమ అంచున నెత్తిన రెండు అరటిగెలలు పెట్టుకుని ఒకడు పలకలోంచి నేరుగా ఇవతలికి నడిచొస్తున్నాడు. గెలల బరువుకి వాడి మెడ భుజాల్లోకి దిగిపోయింది. గుడ్లు మిటకరించాడు. ఆగే ఓపిక వాడికి లేదు. గీస్తూ గీస్తూ జైతూని తనలో తనే మాట్లాడుకుంది, పోట్లాడింది, ఒకసారి పగలబడి నవ్వింది. పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది. మణికట్టు మీది గీరుడులో రంగు పడి మండితే, "ఉష్, ఉండు!" అని దాన్నే కసిరింది.

షెమ్వేటా అటువైపు రాలేదు. ఎండలో కూర్చుని ఆమె కుంచెలు ఆయనే కడిగిపెట్టాడు.

లారీ వచ్చిన పొద్దున రంగు ఒకటి రెండు చోట్ల ఇంకా వేలికంటుకుంటోంది. ఇద్దరూ కలిసి పలకని బయటికి తెచ్చి, గోడకి ఆనించి ఎండకి పెట్టారు. కింద రోడ్డు మీద డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

జైతూని పక్కకి జరిగింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జుట్టులో రంగు, గోళ్ళలో రంగు. గురువు మొహం చూసే ధైర్యం చాలక ఆయన పాదాలవైపే చూస్తూ నిలబడింది.

షెమ్వేటా టోపీ సర్దుకుని, బొమ్మకెదురుగా వచ్చి నిలుచున్నాడు. చాలాసేపు నిలుచున్నాడు. కింద హారన్ మళ్ళీ మోగింది.

ఉన్నట్టుండి ఆ పాదాలు గబుక్కున ఒక అడుగు పక్కకి తప్పుకున్నాయి.

జైతూని కంగారుపడి తలెత్తింది. "ఏమైంది మ్వాలిమూ?"

"గెలలవాడు వస్తున్నాడు," అన్నాడాయన, బొమ్మలోంచి చూపు తిప్పకుండానే. "దారివ్వొద్దూ?"